తెర వెనక కూర్చున్నవాళ్ళం

కళ గురించీ రాజకీయం గురించీ మా అన్న అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే పాకాల రైల్వే గుమాస్తాలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. మద్రాసులో తత్వశాస్త్రం చదివి వచ్చాడు కదా, జర్మనీ వాళ్ళూ ఫ్రెంచి వాళ్ళూ రాసిన పుస్తకాలు ఇంగ్లీషులో తెచ్చుకుని చదివేవాడు. "తెర మింద ఏం సూపిస్తారనేది కాదప్పా, ఎవుర్ని యాడ కూర్సోబెట్టి సూపిస్తారో అదీ రాజకీయం" అనేవాడు. నేను లోపల పప్పు రుబ్బుతూ వినేదాన్ని. ఎంత గొప్ప మాట అని మురిసిపోయేదాన్ని కూడా, నా మొహం.

అవి యుద్ధం రోజులు. స్టేషను అవతల డేరా వేసి టూరింగు టాకీసు నడిపేవాళ్ళు. అందులో మగవాళ్ళు తెరకు ముందు, ఆడవాళ్ళం తెరకు వెనక. పల్చటి గుడ్డ కనుక బొమ్మ మా వైపుకూ కనపడేది. అసలు ఆటకు ముందు సర్కారువాళ్ళ యుద్ధం రీలు తప్పనిసరి. మన పిల్లల్ని ఏ దేశానికో తోలి, వాళ్ళు నవ్వుతున్నట్టు బొమ్మ తీసి, టిక్కెట్టు పెట్టి మళ్ళీ మనకే చూపించడం. ఇంతకన్నా సిగ్గులేనితనం ఉంటుందా?

పక్కింటి ముస్లిం ఆమెను అందరం బూబమ్మ అనే పిలిచేవాళ్ళం. బట్టలు కుట్టి బతికే మనిషి. ఒక్కగానొక్క కొడుకు పటాలంలో చేరి వెళ్ళాడు, కబురు రావడం మానేసి ఏడాది దాటింది. ఒక సాయంత్రం ఇద్దరం కలిసి ఆటకు పోయాం. రీల్లో సిపాయిలు లారీ దిగుతున్నారు. ఒకడు మా వైపు తిరిగి నవ్వాడు. బూబమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అంతలోనే వదిలేసింది.

"కాదు బిడ్డా. మావోడికి కాలిన మచ్చ ఎడం సెంప మింద. ఈడికి కుడి సెంపకుండాది" అంది.

తర్వాత ఆట పేర్లు పడ్డాయి. ఎప్పటిలాగే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. అప్పటికి గానీ నాకు తట్టలేదు, మాకు కనపడే కుడి అసలుకు ఎడమ అని. ఆమెకు చెప్పాను.

"ముందర నించి ఒక్కతూరి సూపిచ్చు బిడ్డా. సరిగ్గా సూస్తే గానీ నా మనసు నమ్మదు" అంది బూబమ్మ.

రీలు శుక్రవారం మారిపోతుంది. అది బుధవారం. ఇంటికి రాగానే జరిగిందంతా చెప్పి అన్ననడిగాను. "టాకీసాయన నీ మాట వింటాడన్నా. రేపు బూబమ్మను ముందర కూర్సోబెట్టు."

"మొగోళ్ల నడాన ఆడోళ్లు కూర్సుంటే నలుగురూ ఏమనుకుంటారు మే?" అన్నాడు.

పోనీ అంతటితో ఊరుకున్నాడా. మర్నాడు పొద్దున అరుగు మీద గుమాస్తాలకు చెప్తున్నాడు. "సూసినారా అప్పా, తెర ఎనక కూర్సున్న తల్లి కన్నకొడుకునే గుర్తుపట్టలా. నేను సెప్పేది ఇదే." వాళ్ళు ఆహా అని తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె కడుపుకోత వీడి ఉపన్యాసానికి పనికొచ్చింది గానీ, ఆమెకు ఒక కుర్చీ ఇప్పించడానికి వీడికి నోరు రాలేదు.

ఆ సాయంత్రం నేనే ఆమెను ముందు వాకిలికి తీసుకుపోయాను. టిక్కెట్లు చింపేవాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడోళ్లకు దోవ ఆ పక్క" అన్నాడు. ఎంత చెప్పినా వినడు. లోపల కుర్చీలో కూర్చున్న అన్న మమ్మల్ని చూసి తల అటు తిప్పుకున్నాడు.

చేసేది లేక వెనక్కే పోయాం. ఆ పిల్లవాడు నవ్వగానే బూబమ్మ లేచి తెర దగ్గరికి నడిచి, ఆ చెంప మీద అరచెయ్యి పెట్టింది. గుడ్డ అవతలికి ఉబ్బింది. ముందు నుంచి ఈలలు, కేకలు.

"ఎవురది తెర కదిలించేది? బొమ్మ సెడిపోతా ఉండాది." ఆ గొంతు మా అన్నదే.

"నోరు ముయ్యన్నా. ఆమె కొడుకును సూసుకుంటా ఉండాది" అని డేరా అంతా వినపడేలా అరిచాను.

శుక్రవారం రీలు మారింది. కొడుకు తిరిగి రాలేదు. ఆ రోజు ముందరికి పోనిచ్చి ఉంటే, వాణ్ని ఆమె సరిగ్గా ఒక్కసారైనా చూసుకునేది.