దీవెనల బుక్కు

పెన్ను టిక్కుమంటే చాలు, నాకిప్పటికీ ఒళ్లు మండుతది.

పర్ణశాల అవతల అడవి ఊళ్ల పిల్లలకు హాస్టల్ నడిపే ట్రస్టు మనిషిది ఆ పెన్ను. తల్లాడలో మా ఇంటికి చందాకు వచ్చేటోడు. ఎంతిచ్చినా కళ్లకద్దుకునేటోడు గాని, చూపంతా చేతిలోని బుక్కు మీదే. "దీవెనలకు ఒక తారీఖు చెప్పుండ్రి అమ్మా" అని పెన్ను టిక్కుమనిపించేటోడు. ఆ రోజు పిల్లలకు అన్నం పెడతరు గదా అని మా నాయిన పోయిన తారీఖు చెప్పిన. నా ఫోన్ నంబరుతో సహా రాసుకున్నడు. పుట్టిందో పోయిందో రాసే గడి ఆ బుక్కులో లేదు.

ఇంట్లో సంవత్సరీకం నడుస్తుంటే ఫోన్ మోగింది. "మీ నాన్నగారికి హ్యాపీ బర్త్‌డే!" అన్నదెవరో అమ్మాయి. అడిగితే వేరే ట్రస్టట. సాయంత్రంలోపు ఇంకో రెండు ఫోన్లు, రెండూ నేను పేరు వినని ట్రస్టులే.

ఆయన మళ్లొచ్చినప్పుడు గుమ్మంలోనే నిలదీసిన. "మా నాయిన తారీఖు అందరికి ఎందుకు పంచినవ్?"

"అందరిదీ పుణ్యం పనే గదమ్మా" అన్నడు, సిగ్గు లేకుండ.

"నా నంబర్ కొట్టెయ్."

నా కళ్ల ముందే నిమ్మళంగ గీత గీసిండు. పెన్ను మళ్లా టిక్కుమన్నది.

"మరి మీ సారు నంబరన్నా చెప్పుండ్రి అమ్మా."