ఈశాన్యం మూల గూటం

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఎవరైనా "నీతోని కాదు" అంటే చాలు, అది చేసి చూపించేదాకా అన్నం సయించదు. మా అమ్మ బీడీలు చుడుతూ, చేటలోంచి తల ఎత్తకుండానే తిట్టేది. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గింత మొండిది ఎక్కడ పుట్టిందో!" మా నాయిన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన నవ్వి, "ఎక్కడో పుట్టుడేంది, నీ కడుపుననే గదా" అనేవాడు.

మాది కోరుట్ల. ఆ మొండితనంతోనే సివిల్ డిప్లొమా పూర్తి చేశాను, ఆ మొండితనంతోనే జగిత్యాలలో ఒక సర్వేయర్ సార్ దగ్గర పనికి కుదిరాను. సార్ సర్కారు కొలువు నుంచి రిటైరై సొంతంగా ఒక చిన్న ఆఫీసు పెట్టుకున్నాడు. కాగితం మీది ప్లానును నేల మీదికి దించడమే మా పని. ఏ పిల్లర్ ఎక్కడ లేవాలో కొలిచి, కట్టె గూటాలు దిగ్గొట్టి, వాటికి దారం లాగి కట్టి, ముగ్గుపొడితో గీత పోసి చూపించాలి. మేస్త్రీలు మార్కింగ్ అంటారు, మామూలు జనం ముగ్గు పోసుడు అంటారు.

ఇంకేముంది, సైటుకు పోయిన ప్రతిచోటా ఒకడు నవ్వేవాడు. "ముగ్గు పోసుడంటే ఆడోళ్ల పనే గదా. వాకిట్ల పోసినట్టు పోయి, సుక్కలు మర్శిపోకు" అని. నేను ఊరుకునే రకమా? "వాకిట్ల వంకర పోతే మీ అవ్వ తిడ్తది. గీడ వంకర పోతే నీ గోడ కూలుతది. అవుతలికి జరుగు" అనేదాన్ని.

మొదటి ఏడాదంతా నాకు దక్కింది టేపు కొస పట్టుకోవడమే. సార్ నేర్పడంలో లోపం లేదు. టేపు వదులుగా పడితే కొలత ఎట్లా పెరుగుతుందో చూపించాడు. మూల సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మూడు, నాలుగు, అయిదు లెక్క చెప్పాడు. మూల నుంచి ఒక వైపు మూడడుగులు, ఇంకో వైపు నాలుగడుగులు కొలిచి, ఆ రెండు కొసల మధ్య సరిగ్గా అయిదడుగులొస్తే ఆ మూలకు వంక లేనట్టే. చివరికి ఐమూలగా ఎదురెదురు మూలలు రెండు జతలూ కొలవాలి. రెండూ ఒక్కటే రావాలి. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఇంకోటి. "రాత్రి కొలిచింది పొద్దుగాలకు చెల్లది. నడుమ గొడ్డు తన్నుతది, మనిషి తన్నుతడు. కాంక్రీట్ పోసే ముంగట మళ్ల కొలువాలె."

కానీ నేను కొలిచిన ప్రతిదాన్నీ సార్ మళ్లీ కొలిచేవాడు. అందరి ముందూ, కళ్లద్దాలు పైకి నెట్టుకుని మరీ. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "సార్, నాకొక్క సైటు ఇయ్యుండ్రి. ఒక్కదాన్నే చేస్త."

"సరే. సిరిసిల్ల షెడ్డు నువ్వే చేయి. సక్కగొస్తే టేపు నీది, నీ సైట్లకు నువ్వే పో. రాకపోతే ఆఫీసుల కూసోని ప్లాన్లు దిద్దుకో. ఇగ సైటు మాటెత్తొద్దు" అన్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు టేపు సంచీలో వేసుకుని బయల్దేరాను.

ఆ షెడ్డు ఒక నేత కుటుంబానిది. ఏళ్ల తరబడి సేటు సాంచాల మీద బట్ట నేసిన మొగుడూపెళ్లాలు సొంతంగా ఎనిమిది పాత సాంచాలు కొన్నారు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అనే అంటారు. ఉన్న కిరాయి షెడ్డు దీపావళికల్లా ఖాళీ చెయ్యాలి, అందుకే తొందర. కొత్త షెడ్డు వాళ్ల ఇంటి పక్క జాగాలోనే, ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. పైకప్పు రేకుల్ని మోసే అయిదు ఇనుప ట్రస్సులు కోరుట్లలో అప్పటికే తయారై ఉన్నాయి. ఒక్కొక్కటి సరిగ్గా ముప్పై అడుగులు. వాటి కాళ్లకున్న బెజ్జాలు పిల్లర్లలో పాతిన బోల్టుల మీద దిగాలి. అర ఇంచు తేడా వచ్చినా దిగవు.

నేను సిరిసిల్లలో బస్సు దిగిన మర్నాటి నుంచే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు డిపోల్లో, బడులకు తాళాలు, ఆఫీసుల ముందు టెంట్లు. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి జనం వంటలు చేస్తున్నారు. చదువుకునేటప్పుడు నేనూ ర్యాలీల్లో గొంతు పోయేలా అరిచినదాన్నే కాబట్టి సమ్మె మీద నాకేం కోపం లేదు. ఒక్కటే చిక్కు. నా పని చూసిపోవడానికి రావలసిన సార్ ఇక రాలేడు. నిజం చెప్పాలంటే అది నాకు చిక్కుగా కాదు, పండగలా అనిపించింది. ఆ నేతవాళ్ల ఇంట్లోనే ఉండిపోయాను. ఇంటామె నాకన్నా పదేళ్లు పెద్దది, తక్కువ మాట్లాడేది. అక్కా అని పిలిచేదాన్ని.

గుంతలు తవ్వడం, కింది కాంక్రీటు, పిల్లర్లు పైదాకా లేపడం, అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. మిగిలింది పిల్లర్ల తలల్లో బోల్టులు నిలబెట్టి ఆఖరి కాంక్రీటు పోయడం. ముందురోజు సాయంత్రం దారాలు కట్టి మూడుసార్లు కొలిచాను. వెడల్పు ముప్పై, పొడవు నలభై, ఎదురెదురు మూలలు యాభై, యాభై. వెంట్రుకంత తేడా లేదు.

మేస్త్రీ పెద్దాయన. గడ్డం గీరుకుంటూ అడిగాడు. "బిడ్డా, ఈశాన్యం మూల మూడించులు తూర్పుకు గుంజుదమా? మా దిక్కు అందరు గుంజుతరు. ఈశాన్యం పెరిగితె మంచిదంటరు."

నేను పకపకా నవ్వాను. "ఈశాన్యం గీశాన్యం నా టేపుల లేవు కాకా. గుంజితె ట్రస్సు దిగది. రేపు పొద్దున కాంక్రీట్ మిల్లర్‌ను రమ్మను." అక్క గడపలో నిలబడి వింటోంది. నేను నవ్వగానే లోపలికి వెళ్లిపోయింది.

పొద్దున్నే కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చింది. కూలీలు సాయంత్రం ధర్నాకు పోవాలని తొందరపడుతున్నారు. అప్పుడే సార్ ఫోను. "పొద్దున కొలిచినవా?"

"ఆ సార్, కొలిచిన" అన్నాను. కొలవలేదు. నిన్న మూడుసార్లు కొలిచిందాన్ని, మళ్లీ ఎందుకు? సార్‌ది ముసలి చాదస్తం అనుకున్నాను. దారానికి సరిగ్గా పైన వచ్చేలా తూకపు గుండుతో బోల్టులు నిలబెట్టించి, పడమటి వరస, తూర్పు వరస పోయించేశాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక, సార్‌కు చూపించడానికి కాగితం మీద కొలతలు రాసుకుందామని టేపు పట్టాను. ఉత్తరం వైపు బోల్టుకూ బోల్టుకూ మధ్య ముప్పై అడుగుల మూడించులు. టేపు మెలి పడిందేమోనని మళ్లీ పట్టాను. అంతే. మూలలు కొలిచాను. ఒకటి యాభై, ఇంకోటి యాభై మీద దాదాపు రెండించులు. ఈశాన్యం గూటం తూర్పుకు జరిగింది. దానితో దారం, దారంతో పాటు తూర్పు వరసలో ఆగ్నేయం మూలది తప్ప నాలుగు పిల్లర్ల బోల్టులు పక్కకు పోయాయి.

ఆ తర్వాత చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. "నేను వద్దన్న గదా! దొంగసాటుగ గుంజుతవా? నీ వయసుకు సిగ్గనిపిస్తలేదా?" కూలీలంతా చూస్తున్నారు. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, "నా చెయ్యి పడలే బిడ్డా" అని ఒక్క మాటన్నాడు. నేను నమ్మలేదు. ఇంకా గట్టిగా అరిచాను.

"ఆయిననేమనకు. నేనే జరిపిన."

అక్క. నీళ్ల చెంబు కింద పెట్టి ముందుకొచ్చింది.

"గిప్పుడున్న కిరాయి షెడ్డుకు ఈశాన్యం లేదు, రోడ్డుల పోయింది. అండ్లనే మా మరిది సాంచాల నడుమ పానం తీసుకున్నడు. అప్పులని అందరన్నరు. అప్పులే. నాకు ఎరికే. గని మల్ల గసొంటి షెడ్డులకు నా పెనిమిటిని ఎట్ల పంపుదు? నువ్వేమో నవ్వితివి. నిన్ను అడగబుద్ది గాలే. చీకటితోనే లేసి మూడించులు జరిపిన. ట్రస్సు దిగదని నాకేం తెలుసు పిల్లా?"

నిన్న సాయంత్రం నవ్వకుండా, ఎందుకక్కా అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ గూటం కదిలేది కాదు. కదిలినా, పొద్దున టేపు పట్టి ఉంటే దొరికిపోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ పెద్దాయన మీద పడ్డాను. ఆయన దగ్గరికి పోయి, "తప్పైంది కాకా" అన్నాను. "పోనీ తియ్యి బిడ్డా, ముక్కు మీది కోపమే గని మనిషివి మంచిదానివే" అన్నాడాయన.

ఊరుకుంటే ఏమవుతుందో కూడా ఆలోచించాను. దాచను, ఆలోచించాను. ట్రస్సులు ఇప్పట్లో రావు, సమ్మె ఎన్నాళ్లో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు చూసుకోవచ్చు, వెల్డింగువాళ్లదే తప్పనొచ్చు. కానీ ఆ అక్క మొహం చూశాక ఆ ఆలోచన మీద నాకే అసహ్యం వేసింది.

ముగ్గుపొడితో నేల మీద బొమ్మ గీశాను. "అక్కా, ఇటు చూడు. పిల్లర్లు కదల్నియ్య, అది నాతోని కాదు. గని చుట్టూ ప్రహరీ గోడ కడ్తరు గదా? గోడకు ఈశాన్యం పెంచుత. మూడించులు గాదు, ఆరించులు. జాగ మీదే." అక్క మేస్త్రీ వైపు చూసింది. "జాగకు పెరిగితె ఇంకా మంచిది" అన్నాడాయన. టేపు కొస అక్క చేతికే ఇచ్చి, ఆమెతోనే కొలిపించి, ఆమె చేత్తోనే గోడ మూల గూటం కొట్టించాను.

"మరి పోసినయి?" అంది అక్క.

"పగలగొట్టాలె. ఇంకా గట్టివడలే. పోసింది నేను, పగలగొట్టేది సుత నేనే."

గడ్డపార తీసుకుని మంచె ఎక్కి మొదటి పిల్లర్ తల మీద పొడిచాను. రెండు పోట్లకే అరచేతులు బొబ్బలెక్కాయి. "గట్ల గాదు, నడుముల నుంచి ఎయ్యాలె" అంటూ మేస్త్రీ ఇంకో గడ్డపార అందుకున్నాడు. ధర్నాకు పోవలసిన కూలీల్లో ఇద్దరు ఆగిపోయారు. పొద్దు గుంకకముందే నాలుగు తలలూ ఊడదీశాం.

అక్కడే, అందరి ముందూ సార్‌కు ఫోన్ చేశాను. "పొద్దున కొలువలే సార్. కొలిచిన అని అబద్ధం చెప్పిన. గూటం జరిగింది. నాలుగు పగలగొట్టినం."

సార్ ఒక్కటే అడిగాడు. "గూటం ఎవ్వలు జరిపిండ్రు?"

అక్క నావైపే చూస్తోంది. "ఎవ్వలు జరిపితె ఏంది సార్? నేను కొలువలే" అన్నాను.

"పని పూర్తి చేసుకోని రా. వచ్చినంక టేపు బీరువల పెట్టు" అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పోసే ముందు నాలుగుసార్లు కొలిచాను. టేపు రెండో కొస అక్కే పట్టుకుంది. యాభై, యాభై. బోల్టులు నిలబెట్టి కాంక్రీటు పోయించి, ఆటోలు మారుతూ, దారులు మూసినచోట నడుస్తూ జగిత్యాల చేరాను. నడుమ రోడ్డు మీద వంట చేస్తున్నవాళ్లు పిలిచి అన్నం పెట్టారు. జై తెలంగాణ అని విస్తరి అందుకున్నాను కానీ ముద్ద దిగలేదు. చేరగానే టేపు బీరువాలో పెట్టాను.

సమ్మె ముగిశాక ట్రస్సులు లారీలో సిరిసిల్ల పోయాయి. సార్ ఒక్కడే వెళ్లాడు. తిరిగొచ్చి, "అయిదు కూసున్నయి" అన్నాడు. ఆశగా చూశాను. "గడ్డపారతోని సక్కగ చేసినవ్, టేపుతోని గాదు" అన్నాడు. కుక్కిన పేనులా కూర్చుని ప్లాన్లు దిద్దుకున్నాను. పని మానేద్దామని లోపల ఒక మాట అంటూనే ఉండేది. మానేస్తే నాతో కాదని నేనే ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి మానలేదు.

చలికాలం పోయేటప్పటికి ఒక మధ్యాహ్నం అక్క ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఆమె తమ్ముడు కూడా సిరిసిల్లలోనే షెడ్డు వేసుకుంటున్నాడట. సార్ డైరీ తీసి, "బుధవారం నేను వస్త" అన్నాడు.

"మీరొద్దు సార్. గీ పిల్లను ఇయ్యాల్నే నాతోని పంపుండ్రి."

"గామె మీ షెడ్డుకాడ తప్పు చేసింది. పగలగొట్టింది నువ్వు చూస్తివి గదా."

"చూసిన గనకనే అడుగుతున్న. తప్పు చేసి కప్పెట్టి పోయినోళ్లను మస్తు చూసినం సార్. నా తప్పు సుత తన మీదేసుకోని, నా పేరు మీకు చెప్పకుంట, చేతులు బొబ్బలెక్కంగ పగలగొట్టిన మనిషిని ఒక్కదాన్నే చూసిన. గూటం జరిపింది నేను."

సార్ డైరీ మూశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకుందామని చూశాను, ఆగలేదు. ఎన్ని నెలల ఏడుపో అది, ఇద్దరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను.

సార్ లేచి బీరువా తెరిచి, టేపు తెచ్చి నా ముందు పెట్టాడు. "కండ్లు తుడుసుకో పిల్లా. కండ్లల్ల నీళ్లుంటె అంకెలు కనవడయి" అన్నాడు.

తుడుచుకుని టేపు సంచీలో వేసుకున్నాను. అక్క అప్పటికే మెట్లు దిగుతోంది, సిరిసిల్ల బస్సు వెళ్లిపోతుందని పిలుస్తోంది.