బానెట్ మీద బొట్టు

రాజారావు ఎంత జాగ్రత్తపరుడంటే, టార్నీట్‌లో ఇల్లు కొనే ముందు ఆ వీధిని ఎండలో ఒకసారి, వానలో ఒకసారి, ఈదురుగాలిలో ఒకసారి చూసిరావాలనుకున్నాడు. గంటకో వాతావరణం మారే మెల్‌బోర్న్ కాబట్టి ఆ మూడూ ఒకే మధ్యాహ్నం కుదిరాయి. సిటీలో ఒక బీమా కంపెనీలో ఆయన ఉద్యోగం కూడా అదే. ఎక్కడ ఏ ప్రమాదం పొంచి ఉందో ముందే పసిగట్టి పైవాళ్లని భయపెట్టడం.

అలాంటి మనిషి యాభై దాటాక పాతకాలపు వీఎయిట్, అంటే ఎనిమిది సిలిండర్ల కారు కొన్నాడు. డెబ్బైల నాటిది, రెండే తలుపులు, గుమ్మడిపండు రంగు. స్టార్ట్ చేస్తే పక్కింటి కుక్క మంచం కిందికి దూరేది. ఈ దేశంలో దిగిన కొత్తలో ట్రామ్ స్టాప్‌లో నిలబడి ఉంటే అలాంటిదొకటి గర్జిస్తూ ముందునుంచి పోయిందట. ఆ రోజునుంచీ దాన్ని మనసులో దాచుకుని, ఎవరికీ చెప్పకుండా కాపురం చేసుకొచ్చాడు మహానుభావుడు.

భార్య సుగుణ ఆ కారుకి సవతి అని పేరు పెట్టింది. "ఏం, మీ రెండో ఆవిడ ఇంకా నిద్ర లేవలేదా?" అని పొద్దున్నే కాఫీ ఇస్తూ అడిగేది. తనకి చీర కొనాలంటే నాలుగు షాపులు తిప్పి, ఏదీ తేల్చక, ఉత్త చేతులతో ఇంటికి తీసుకొచ్చే మనిషి, దాన్ని మాత్రం ఒక్క మాటైనా అడక్కుండా తెచ్చి గరాజ్‌లో కూర్చోబెట్టాడని ఆవిడ మంట. మంట న్యాయమైనదే. "చచ్చినా నేను దాన్లో ఎక్కను" అంది, ఆ మాట మీదే నిలబడింది. ఆయన ఇండియన్ షాపుకి సవతిలో వెళ్తే, ఆవిడ బస్సులో వెళ్లి, అదే షాపులో అదే కరివేపాకు కొనుక్కుని, మళ్లీ బస్సులోనే తిరిగొచ్చేది.

రాజారావుకి అది ముల్లులా గుచ్చుకునేది. పాత కార్లవాళ్లంతా నెలకో ఆదివారం పొద్దున వెరిబీ ఊరు దాటి సముద్రం దాకా వరసగా వెళ్తారు. ప్రతి కారులోనూ ఒక పెద్దాయన, పక్కన ఒక పెద్దావిడ, ఆవిడ ఒళ్లో థర్మాస్. రాజారావు పక్క సీట్లో మాత్రం ఆయన గొడుగు కూర్చునేది. ఒక్కసారి సుగుణ వచ్చి అక్కడ కూర్చుంటే ఆయనకి ఇంకేమీ అక్కర్లేదు. మరి నోరు తెరిచి అడగొచ్చుగా? అబ్బే! అడిగితే కాదంటుందేమో, ఆయన లెక్కలో అది మరీ పెద్ద రిస్కు. కారుని ఇంకాస్త అందంగా తయారుచేస్తే ఆవిడే మనసు మార్చుకుంటుందని తేల్చి, బానెట్‌కి స్కూప్ పెట్టించాలనుకున్నాడు. బానెట్‌కి కన్నం కోసి, ఇంజనుకి గాలి అందేలా దానిమీద బిగించే ముక్కులాంటి డొప్ప అది. దాన్ని చూసి ఏ ఇల్లాలి మనసైనా కరుగుతుందని ఈయనకి ఎవరు చెప్పారో!

రెండు వీధుల అవతల మున్సామి ఉన్నాడు. ఫిజీలోని లౌటోకా నుంచి వచ్చి, కార్లకి సొట్టలు తీసే షాపు నడిపి, రిటైరయ్యాడు. ముత్తాతల తెలుగు ఏదో కొంచెం మిగిలితే దానికి హిందీ, ఇంగ్లీషు అతుకులేసి మాట్లాడతాడు. "భయ్యా, లౌటోకాలో బస్సు రూఫ్ కోసినా నేను. ఈ బానెట్ నాకు పాపడ్. నో వర్రీస్" అని ఛాతీ విరుచుకున్నాడు.

ఈ సంగతి సుగుణ చెవిన పడింది. "పూజ లేకుండానే కోసేస్తారా? రోజూ రోడ్డెక్కే బండి కదా అది."

"నువ్వు చేస్తావా పూజ?" రాజారావు కుర్చీలోంచి లేచాడు.

"నేను కాకపోతే మీ ఆఫీస్‌ నుంచి టీమ్‌ వచ్చి చేస్తుందా?"

ఆ నెల కార్ల వరసకి ముందురోజు, శనివారం పొద్దున, బానెట్ ఊడదీసి బల్లల మీద పడుకోబెట్టారు. రాజారావు అప్పటికే పదిసార్లు కొలిచి నడిమధ్యన నీలం టేపు అంటించి ఉంచాడు. పూజకి ముందు శుభ్రం చేయాలని సుగుణ తడిగుడ్డ చేతికిస్తే, ఆనందంలో తనే ఆ టేపు పీకేసి శుభ్రంగా తుడిచాడు. ఆవిడ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టించి లోపలికి వెళ్లింది. రంగు మీద నిప్పురవ్వలు పడకుండా మగాళ్లిద్దరూ బానెట్ అంచులన్నీ పాత దుప్పట్లతో కప్పేశారు. బొట్టు చుట్టూ కాస్త జాగా మాత్రమే పైకి కనపడుతోంది.

"మళ్లీ ఒకసారి కొలుద్దామా?" అన్నాడు రాజారావు.

"వై? సిస్టర్ బొట్టు పెట్టింది కదా. సెంటర్‌లోనే పెడతది. లేకపోతే దాన్ని తుడిచి వేరే మార్క్ పెడతావా?"

"రామ రామ! అవేం మాటలండీ!" రాజారావు చెవులు మూసుకున్నాడు. ఇల్లాలు పెట్టిన బొట్టు ఏ మొగుడు తుడుస్తాడు? అంత జాగ్రత్తపరుడూ కొలిచే టేపు జేబులో పెట్టుకుని, బొట్టుకి అటు జానెడు, ఇటు జానెడు గీత గీయించాడు. బొట్టున్న రేకుముక్క ఊడిరాగానే కళ్లకద్దుకుని దేవుడి గదిలో పెట్టొచ్చాడు కూడా.

స్కూప్ బిగించి, బానెట్ కారుకి తగిలించి, ఇద్దరూ ఎదురుగా నిలబడి చూశారు. స్కూప్ నాలుగు వేళ్లు పక్క సీటు వైపుకి జరిగి ఉంది.

"భయ్యా, నీ డ్రైవ్‌వే స్లోప్ ఉన్నట్టుంది" అన్నాడు మున్సామి తల పక్కకి వంచి.

రాజారావు కొలిచే టేపు తీసి కొలిచాడు. తప్పు బొట్టుది. ఆ మాట అన్నాడా, సుగుణ ఇక ఈ జన్మలో ఈ కారు మొహం చూడదు. ఇంతలో ఆవిడే బయటికొచ్చింది.

"ఇదేంటండీ, పక్కకి పోయిందీ?"

"నేనే తప్పు కొలిచాను" అనేశాడు ఒక్క ఊపిరిలో.

"నో నో సిస్టర్, బొట్టు చూసి..." అనబోయాడు మున్సామి. రాజారావు అతని కాలు తొక్కాడు. ఆలస్యమైపోయింది.

"బొట్టు చూసి కోశారా? అది మధ్యలో పెట్టానని మీకెవరు చెప్పారు? నా వైపు జరిపి పెట్టుకున్నాను."

"నీ వైపేంటి?"

"రేపు నేను కూర్చునే వైపు. ఎన్నాళ్లని ఆ గొడుగుని తిప్పుతారు? పొద్దున్నే థర్మాస్ కూడా కడిగి పెట్టాను."

రాజారావు మనసులో లెక్క వేసుకున్నాడు. ఆవిడ బొట్టు పెట్టినప్పుడు బానెట్ చెక్కు చెదరకుండా ఉంది. స్కూప్ లేకుండానే ఆవిడ వచ్చేది. ఇన్నాళ్లూ ఒక్క మాట అడిగి ఉంటే ఎప్పుడో వచ్చేదేమో! ఆయనకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మున్సామి మాత్రం అంతా తన చలవే అన్నట్టు తలూపాడు.

ఆదివారం సుగుణ సవతిలో కూర్చుంది. పొట్టి మనిషి, ఎదురుగా గుమ్మడిపండు రంగు డొప్ప. కింద ఒక దిండు, దానిమీద ఇంకో దిండు వేశారు. తల పైకప్పుకి తగిలింది గానీ రోడ్డు కనపడలేదు.

"ఏమన్నా కనిపిస్తోందా?" అన్నాడు భయంభయంగా.

"మీ స్కూప్ కనిపిస్తోంది. పర్లేదు, బయట ఏముందో మీరు చూసి చెప్పండి."

రాజారావు గొంతు సవరించుకున్నాడు. ముందు ఎర్ర కారు వెళ్తోందన్నాడు. ఎడమ పక్క క్యాబేజీ తోటలన్నాడు. తరవాత, ఎవరూ అడక్కుండానే, ఆ ట్రామ్ స్టాప్ సంగతి మొదలుపెట్టి సముద్రం దాకా చెబుతూనే ఉన్నాడు.