రెండో రిమోట్

మా అన్నయ్య మీద పగ తీర్చుకోవడానికి నేను పెట్టిన ఖర్చుతో మేడ మీద ఇంకో గది వేయించుకోవచ్చు. ఈ మాట మా ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. గది ఎవరికి కావాలి? మా అన్నయ్య నన్ను ఒక్కసారి రిమోట్ అడగాలి, నేను ఇవ్వనని చెప్పాలి. నాకు కావలసింది అంతే.

అన్నయ్యంటే సొంత అన్న కాదు, పెదనాన్న కొడుకు. నాకంటే మూడేళ్ళు పెద్ద. పెదనాన్నది ఇరిగేషన్ ఉద్యోగం, విజయపురి సౌత్‌లో క్వార్టర్స్. మా అమ్మ గురజాలలో టీచరు. బడికి ఎండాకాలం సెలవులు ఇవ్వగానే అమ్మా నేనూ మాచర్ల మీదుగా బస్సులో అక్కడికి పోయి నెల పైనే ఉండేవాళ్ళం. ఊరూరి నుంచి జనం డ్యామ్ చూడటానికి వచ్చేవాళ్ళు. నేను మాత్రం వాళ్ళింట్లో టీవీ గేమ్ కోసం పోయేదాన్ని.

అందులో ఒక ఆట ఉండేది. తుపాకులు పట్టుకున్న సైనికులిద్దరు అడవిలో పరిగెత్తుతారు. ఇద్దరు కూర్చుని ఆడవలసిన ఆట అది. రిమోట్లూ రెండే. ఒకటి అన్నయ్య చేతిలో, రెండోది చాప మీద. నా పని వేరే. బొమ్మ గీతలు గీతలుగా వస్తే మెషిన్‌లోంచి ఆట క్యాసెట్ పీకి, అడుగున నోటితో ఊది, మళ్ళీ పెట్టి, అది కదలకుండా వేలితో నొక్కి పట్టుకోవాలి. వేలు తీస్తే బొమ్మ పోతుంది. బొమ్మ పోతే నెత్తిన మొట్టికాయ పడుతుంది. తొమ్మిదో ఏట మొదలుపెట్టి నాలుగు వేసవులు నొక్కి పట్టుకున్నాను. రెండో రిమోట్ ఇమ్మని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"నువ్వు చూడు. చూస్తా ఉంటే అదే వచ్చిద్ది."

పక్క క్వార్టర్ పిల్లలు వస్తే మాత్రం అడక్కుండానే ఇచ్చేవాడు. నేను ఏడిస్తే అమ్మ లోపలికి పిలిచి చేతిలో పై క్లాసు లెక్కల పుస్తకం పెట్టేది. అట్లా ప్రతి వేసవీ ఒక క్లాసు ముందుండేదాన్ని.

ఆ లెక్కలు ఊరికే పోలేదు. పళ్ళ డాక్టరునయ్యాను. నరసరావుపేటలో క్లినిక్ పెట్టుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికే వచ్చింది. అన్నీ సర్దుకున్నాయనుకునే వయసులో ఒకరోజు ఫోన్‌లో ఏదో చూస్తుంటే ఆ క్యాసెట్ కనిపించింది. మన బజార్లో దొరికే నకలు కాదు, జపాన్‌లో తయారైన అసలుది. అట్టపెట్టెతో సహా, సీలు కూడా విప్పకుండా. చూడగానే ఆ పాత పగ లేచి కూర్చుంది. ముప్పై ఏళ్ళు ఎక్కడ దాక్కుందో నాకు తెలియదు.

అప్పటి నుంచి నాకదే ధ్యాస. పాత ఆటలు కొనేవాళ్ళ గ్రూపుల్లో చేరాను. అక్కడ ఎవరూ ఆడరు. సీలు విప్పితే ధర సగానికి పడిపోతుందట. పెట్టె మూల నలిగిందా, రంగు వెలిసిందా అని భూతద్దం పెట్టి చూస్తారు. నేనూ చూశాను. మెషిన్‌కి నలభై వేలు, దాని మీద దిగుమతి పన్ను. క్యాసెట్‌కి లక్షా డెబ్బై వేలు. పాత డబ్బా టీవీ మాత్రం చవకగానే వచ్చింది. ఇంటి దగ్గరి మెకానిక్ భాయ్ దాన్ని బాగుచేసి, ఆ మెషిన్ పనిచేసేట్టు సర్దిచ్చాడు. ఈ రోజుల్లో ఇదెందుకు మేడమ్ అని అడిగాడు. చుట్టాలొస్తున్నారని చెప్పాను.

చుట్టం తనంతట తనే వచ్చాడు. అన్నయ్యకు మాచర్లలో పురుగుమందుల షాపు ఉంది. దవడ పన్ను పుచ్చి, నొప్పి భరించలేక నా దగ్గరికి వచ్చాడు. నొప్పి తెలియకుండా జాగ్రత్తగా చేశాను. నోరు తెరుచుకుని నా కుర్చీలో పడుకున్నప్పుడు దుర్బుద్ధి పుట్టలేదని చెప్పను. కానీ వృత్తి వేరు, పగ వేరు. పని అయ్యాక ఆదివారం భోజనానికి రమ్మన్నాను.

ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికే వాకిట్లో ఉన్నాడు. భోజనాలయ్యాక ముందుగదిలో టీవీ దగ్గర కూర్చోబెట్టి, వాడి కళ్ళముందే ఆ పెట్టె సీలు చింపాను. గ్రూపులో వాళ్ళెవరైనా చూసి ఉంటే గుండె ఆగేది. క్యాసెట్ పెట్టి, ఒక రిమోట్ తీసుకుని, రెండోది నా పక్కనే పెట్టుకున్నాను. సైనికుడు పరిగెత్తాడు. అన్నయ్య మొహం పన్నెండేళ్ళ పిల్లాడి మొహమైపోయింది. నవ్వుతూ రెండో రిమోట్ మీదికి చెయ్యి చాపాడు. నేను దాన్ని నా ఒళ్ళోకి లాక్కున్నాను.

"నువ్వు చూడు అన్నయ్యా. చూస్తా ఉంటే అదే వచ్చిద్ది."

ఇంతకాలం ఎదురుచూసిన మాట. చెప్పాను. కానీ నా సైనికుడు అప్పటికే చచ్చాడు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ చచ్చాడు. అర నిమిషం బతకడం నా వల్ల కాలేదు. అన్నయ్య కాసేపు చూసి, కోపం లేకుండానే అన్నాడు.

"నేనేం చేసేదే? నీకియ్యమాకని పిన్నేగా చెప్పింది. ఇయ్యకుండా ఉంటే కొత్త క్యాసెట్ కొనిస్తానంది. కొనిచ్చింది గూడా, ఇదే ఆట."

పిన్నంటే మా అమ్మ. ఆవిడ అక్కడే, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని సపోటాలు ఒలుస్తోంది. నేను తలతిప్పి చూశాను. అబద్ధమంటుందనుకున్నాను. అనలేదు.

"అవును, నేనే చెప్పా. అలవాటైతే చదువు చెడిద్దని చెప్పా. ఇయ్యాల డాక్టరువైనావా లేదా?"

నేను ఏడుస్తుంటే పుస్తకం తెచ్చి పెట్టిన చేతులవి. మొట్టికాయలు తిన్న తలకు అదే చేత్తో నూనె రాసి జడలు వేసేది. అన్నీ తెలిసే చేసింది. ఇన్నాళ్ళు నేను పళ్ళు కొరికింది ఒక లంచం తిన్న పిల్లాడి మీద.

అన్నయ్య ఇబ్బంది పడి, బస్సుకు టైమైందంటూ లేచాడు. వాడు వెళ్ళాక అమ్మ కింద పడి ఉన్న పెట్టె చూసి, ఎంతయిందే అది అని అడిగింది. మా అమ్మ కూరగాయల కవర్లు కూడా కడిగి ఆరబెట్టి దాస్తుంది. మూడు వేలని చెప్పి ఉండొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. లక్షా డెబ్బై వేలు, అన్నాను. ఆవిడ చేతిలో సపోటా అట్లాగే ఆగిపోయింది. నా మొహంలోకి చూసి, నిజమేనని తెలుసుకుని, లేచి తన గదిలోకి పోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు హాయిగా ఉంది. దాచుకోను, చాలా హాయిగా ఉంది.

ఆ హాయి రుచి మరిగి ఇంకో నాలుగు కొన్నాను. పార్శిల్ వచ్చిన ప్రతిసారీ డబ్బా తీసుకుని అమ్మ గదిలోకి పోయి ధర చెబుతాను. ఇరవై రెండు వేలమ్మా. యాభై వేలమ్మా. ఆవిడ మెడలో గొలుసు తిప్పుకుంటూ వింటుంది. మా ఆయన ఇక చాలించమన్నాడు. సంపాదన నాదే అన్నాను.

పోయిన వారం వచ్చినదానికి ముప్పై ఎనిమిది వేలు. చెప్పాను. ఎప్పుడూ లేనిది అమ్మ చెయ్యి చాపి డబ్బా తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని నాలుగు వైపులా తిప్పి చూసింది.

"అన్నయ్య వచ్చిన రోజు తప్ప నువ్వు ఆడంగా చూళ్ళా. ఎందుకని ఆడవు?"

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. సీలు విప్పితే ధర పోతుందని చెప్పొచ్చు. తీరిక లేదనొచ్చు.

"నాకు ఆడటం రాదమ్మా," అన్నాను.

అమ్మ ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. నేను క్లినిక్‌కి టైమైందని వచ్చేశాను.