కట్టు విప్పి చూసే చుట్టాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను విరుదునగర్‌లోని మా ప్రధాన ఆసుపత్రి నుంచి కోవిల్‌పట్టి శాఖకు ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌గా మార్చారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. హోదాలో వార్డు సిస్టర్‌కు పైన, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు కింద. పని మాత్రం చేతులు కడుక్కోనివాళ్ళను పట్టుకోవడం. పట్టుబడేవాళ్ళలో డాక్టర్లే ఎక్కువ కాబట్టి, నన్ను చూసి నవ్వే మనిషి ఆ భవనంలో ఉండేవాడు కాదు. అందుకు నేనేమీ కుమిలిపోలేదు.

నన్ను అక్కడికి పంపడానికి కారణం బొడ్డు. పిత్తాశయంలో రాళ్ళు చేరితే ఇప్పుడు పొట్ట పెద్దగా కోయరు. బొడ్డు దగ్గర ఒకటి, పైన మరికొన్ని చిన్న రంధ్రాలు పెట్టి, వాటిలోంచి కెమెరా, పొడుగాటి పనిముట్లు పంపుతారు. కోసిన పిత్తాశయాన్ని లోపలే ఒక సంచిలో వేసి, బొడ్డు దారిన బయటికి లాగుతారు. లోపలి పసరు గాయం అంచులకు తగలకూడదనే ఆ సంచి. ఇంత జాగ్రత్తగా చేసినా కోవిల్‌పట్టిలో ఒకరి తరువాత ఒకరికి బొడ్డు గాయంలో చీము పడుతోంది.

ముందు థియేటర్‌ను జల్లెడ పట్టాను. పనిముట్లను ఆవిరిలో శుద్ధి చేసే ఆటోక్లేవ్ బాగుంది. కోతకు ముందు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ వేళకే పడుతోంది. చీమును పరీక్షకు పంపితే ఒక్కొక్కరిలో ఒక్కో రకం క్రిమి బయటపడింది. తప్పు పనిముట్లదైతే సాధారణంగా అందరిలో ఒకే క్రిమి కనబడాలి. అందుకని నా అనుమానం బొడ్ల మీదికి మళ్ళింది.

టార్చిలైటు, దూది పుల్లలు పట్టుకుని ప్రతి పేషెంటు బొడ్డునూ ఆపరేషన్‌కు ముందు నేనే శుభ్రం చేయడం మొదలుపెట్టాను. విభూతి, ఆముదం, కడుపునొప్పికి రాసిన సున్నం, అన్నీ అందులోనే భద్రంగా ఉండేవి. శివకాశి బాణసంచా ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన బొడ్డులో వెండిరంగు పొడి మెరిసింది. థియేటర్‌లో రక్తం ఆపడానికి కరెంటు కత్తి వాడతాం. సర్జన్ డాక్టర్ ముత్తువేల్ ఆ పొడిని చూసి రెండడుగులు వెనక్కి వేసి, ఇంకోసారి కడగమని నాకు మర్యాదగా చెప్పారు. ఆ శాఖలో ఒక డాక్టర్ నన్ను కడగమని బతిమాలడం అదే మొదలు.

బొడ్లు అద్దాల్లా తయారయ్యాయి. అయినా తరువాతి పేషెంటుకు మళ్ళీ చీము పట్టింది. యాజమాన్యం ఓపిక నశించింది. ఇంకొక్కరికి ఇలా జరిగితే లాప్రోస్కోపీ యంత్రాన్ని విరుదునగర్‌కు తరలిస్తామని తేల్చేశారు. అప్పుడు కోవిల్‌పట్టిలో రాళ్ళున్నవాళ్ళకు మిగిలేది జానెడు కోత, లేదంటే కడుపు పట్టుకుని బస్సు ప్రయాణం. ఆ మాట విన్నాక ఆపరేషన్‌కు వచ్చిన మొదటి మనిషి రంగమ్మ. కయత్తారు వైపు పల్లె, మొక్కజొన్న, మినుములు వేసే కుటుంబం. పైగా షుగరు. షుగరున్నవాళ్ళకు చీము పడితే గాయం ఓ పట్టాన మానదు. నాకు నిజంగానే భయమేసింది.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. మరుసటి రోజు సాయంత్రం వ్యాను నిండా చుట్టాలు దిగారు. ముందు నడిచినావిడ రంగమ్మ ఆడబిడ్డ సుబ్బమ్మ. రోగిని ఊరికే చూసి వెళ్ళిపోతామని నాతో తమిళంలో వినయంగా చెప్పింది. నేను సరేనని తెర లాగి, పక్క మంచం దగ్గర చేతులకు రాసుకునే మందు సీసా ఉందో లేదో చూస్తున్నాను. తెర వెనక భాష మారింది. ఆ తెలుగు మా ఇంట్లో మాట్లాడే తెలుగే.

“కట్టు రవ్వంత లేపు వదినె, చూసేసి పోతాము. మళ్ళ అంటించేస్తాము.”

“సిస్టర్ తిడతాది,” అంది రంగమ్మ.

“నిన్న వొచ్చినోళ్ళకి చూపించినావంట గదా. మాకు చూపించకుంటే యెట్లా? మూడు చుక్కలే పెట్టినారంట. ఆపరేషన్ చేసినారో లేదో యెవురు చూసినారు?”

నాకప్పుడు విషయమంతా అర్థమైంది. వెనకటి ఆపరేషన్లో పొట్ట మీద బారెడు కుట్లుండేవి. చూసినవాళ్ళు నోరు నొక్కుకుని, తృప్తిగా ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు చూడ్డానికేమీ లేదు. అంత దూరం వచ్చి గాయం చూడకుండా వెళితే పలకరించినట్టే కాదు. అందుకని వచ్చిన ప్రతివాళ్ళూ, బస్సు కమ్మీలు పట్టుకున్న చేతులతోనే, ప్లాస్టరు లేపి, వంగి చూసి, వేలితో అదిమి అంటిస్తున్నారు. నేను లోకంలోని బొడ్లన్నీ తోముతున్నాను.

తెర పక్కకు తీసి, “చెయ్యి తియ్యండత్తా” అన్నాను తెలుగులో.

ముందుగా తేరుకున్నది సుబ్బమ్మే.

“మీరు మనోళ్ళా? యే ఊరు?”

ఊరు చెప్పాను. మా నాయన పేరడిగారు, మా అమ్మ పుట్టిల్లు అడిగారు. కాసేపట్లో నేను సుబ్బమ్మకు మేనకోడలి వరస అయ్యాను. తిట్టడానికి వెళ్ళినదాన్ని మంచం అంచున కూర్చుని అరటిపండు తింటున్నాను.

“మనోళ్ళ పిల్లే గదా, నువ్వే రవ్వంత లేపి చూపించు” అంది సుబ్బమ్మ.

క్రిముల గురించి చెప్పిందంతా విన్నారు. విని, సరే, మెల్లిగా లేపు అన్నారు. అప్పుడు నాకు రంగమ్మ రాళ్ళు గుర్తొచ్చాయి. పిత్తాశయంలోంచి తీసిన రాళ్ళను కడిగి, మూత బిగించిన సీసాలో వేసి, ఇంటికి పంపేటప్పుడు పేషెంటుకు ఇవ్వడం మా వాడుక. వెళ్ళి ఆ సీసా తెచ్చి సుబ్బమ్మ చేతిలో పెట్టాను.

రాళ్ళు శనగగింజలంత ఉన్నాయి. సుబ్బమ్మ సీసా ఊపి చూసింది. గలగలమంది. వ్యానులో వచ్చినవాళ్ళంతా వరసగా ఊపారు.

“పావం, ఇన్నిటిని మోసుకుని కలుపు తీసినావా వదినె” అని సుబ్బమ్మ కళ్ళు తుడుచుకుంది.

రంగమ్మ దిండుకు ఆనుకుని కొంచెం ఎత్తుగా కూర్చుంది. బొడ్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నేను చేతులు కడుక్కుని కట్టు మార్చాను. ముందురోజు చుట్టాలు ఏం అంటించి వెళ్ళారోనని, కుట్లు విప్పేదాకా నాకు సరిగా అన్నం సహించలేదు. గాయం శుభ్రంగా మానింది. అప్పటినుంచి ఆపరేషన్ అయిన ప్రతివాళ్ళ మంచం పక్కనా వాళ్ళ రాళ్ళ సీసా పెట్టించాను. చీము ఆగింది, యంత్రం కోవిల్‌పట్టిలోనే ఉండిపోయింది.

చిక్కు ఒక్కసారే వచ్చింది. వత్రాప్ నుంచి వచ్చిన కొబ్బరితోట ఆసామి పిత్తాశయంలో రాళ్ళు లేవు, ఉత్త మడ్డి. అత్తవారి తరఫు చుట్టాలు వచ్చే వేళకు ఆయన ముఖం చిన్నబోయింది. గాయం పరీక్షకని వచ్చిన రంగమ్మ అది చూసి, చేతిసంచిలోంచి తన సీసా తీసి, ఆయన మంచం పక్కన పెట్టింది. చుట్టాలు వెళ్ళేదాకా వరండాలో కాపలా కూర్చుని, సీసా తిరిగి తీసుకునే బస్సెక్కింది.

ఏ కొత్త మందు వాడావని విరుదునగర్ నుంచి అడిగారు. మందేమీ లేదన్నాను. గాయం మీద చెయ్యి పడకూడదంటే, ఆ చేతికి పట్టుకోవడానికి ఇంకొకటేదైనా ఇవ్వాలి.