ఆదివారం దించిన షట్టర్

లాక్‌డౌన్ ఎత్తేయించింది నేనే అని చాలా రోజులు చెప్పుకు తిరిగాను. మొజంజాహీ మార్కెట్ దగ్గర రెండు వందల మంది ముందు ఉపన్యాసం దంచానని కూడా అన్నాను. నిజానికి పొద్దుటి సడలింపు వేళ చాయ్ బండి దగ్గర ఉన్నది ముగ్గురం. చాయ్ పోసేవాడు వినడం లేదు కనుక, ఇద్దరం.

రెండో మనిషి పాత పుస్తకాలాయన. అబిడ్స్‌లో నా సూట్‌కేసుల దుకాణానికి ఆదివారం సెలవు. ఆ రోజు షట్టర్‌కు పెద్ద పుస్తకాలు ఆనించి, చిన్నవి ఫుట్‌పాత్ మీద పరిచి ఇరవై ఏళ్లుగా అమ్ముకుంటున్నాడు. అక్కడ పద్ధతే అంత, మా సెలవే వాళ్ల పనిదినం.

అన్నీ మూసి కూర్చుంటే జనం రోగంతో కాదు, ఆకలితో పోతారని నా వాదన. అతని అన్న దవాఖానలో మంచం దొరక్క చనిపోయాడు. ఇంట్లో తిండికి కటకటగా ఉన్నా, తెరవడానికి తొందర వద్దనే అన్నాడతను. నేను టీవీలో విన్న లెక్కలన్నీ ఒప్పజెప్పాను. సగం నేను కల్పించినవే.

తెరిచారు. పోయిన నెలలు పూడ్చుకుందామని ఆదివారం కూడా షట్టర్ ఎత్తాను. పొద్దున్నే అతను రెండు మూటలతో వచ్చి, ఎక్కడ పరుచుకోవాలని అడిగాడు. పక్క దుకాణం ముందు చూసుకొమ్మన్నాను. పక్కదీ తెరిచే ఉంది, దాని పక్కదీ. మూటలెత్తుకుని చాదర్‌ఘాట్ వైపు నడిచాడు.

మనసు కరిగి వెంటనే షట్టర్ దించేశానని ఇంట్లో చెప్పాను. అబద్ధం. నాలుగు ఆదివారాలు తెరుచుకునే కూర్చున్నాను. ప్రయాణాలే లేని రోజుల్లో సూట్‌కేసు ఎవరికి కావాలి? లోపలికి వచ్చిన ఒకరిద్దరూ పుస్తకాలాయన ఏడని అడిగారు.

ఐదో ఆదివారం వెతుక్కుంటూ పోయాను. చాదర్‌ఘాట్ వంతెన దగ్గర, బస్సుల దుమ్ములో, ఒక్క మూటే విప్పుకుని కూర్చున్నాడు. ఇక ఆదివారాలు మూసేస్తాను, వచ్చెయ్యమన్నాను. మాస్కు పైకి జరుపుకున్నాడు.

“లాక్‌డౌన్ వద్దని గంత లొల్లి చేస్తిరి. ఇప్పుడు వారానికో రోజు మీరే పెడుతున్రా, సేటు?”

“ఔ. నీ కోసమే.”

“నా కోసమా, గిరాకి లేకనా?”

“గిరాకి లేకనే,” అన్నాను.

అప్పుడు లేచి, విప్పని మూట నా చేతుల్లో పెట్టాడు. అబిడ్స్ దాకా దాన్ని నెత్తిన మోశానని మనవలకు చెప్తుంటాను. ఆటోలో వచ్చాం.