ఒజీలియా రాసిన బుట్టపేర్ల జాబితా

ఎవరికైనా మా దీవి చూపించాల్సి వస్తే ఒజీలియా బ్లైజెన్ గడియారం వంక చూడదు, నీటి వంక చూస్తుంది. ఆవిడ వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి ఆ ఏటి ఆటుపోట్ల పట్టిక అంటించి ఉంటుంది. ముందు ఆ రోజు నీళ్ళు ఎక్కే పోటు ఎన్నింటికో, దిగే పాటు ఎన్నింటికో చూసి పెన్సిల్‌తో సున్నా చుడుతుంది. మిగతావన్నీ ఆ సున్నా చుట్టూ అమరాల్సిందే. పాటు ఉన్నప్పుడు ఉప్పు పర్ర మీద బురదలో తిండి వెతుక్కునే తెల్లకొంగలు. ఎండ ముదిరేలోపు, బానిసలుగా ఉన్న మా పెద్దలు ఆల్చిప్పల సున్నంతో కట్టిన పాత గుడిసెల గోడలు. తర్వాత పెద్ద ఓక్ చెట్టు నీడ, ఆ నీడలో మంచినీళ్ళు. లైట్‌హౌస్ ఎప్పుడైనా ఫరవాలేదు. "అదెక్కడికీ పోదు, దాని మెట్లెక్కలేక మనమే పోతాం" అంటుంది.

ముప్పై ఒక్కేళ్ళు బడి బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు డెబ్భై ఒకటి. దక్షిణ కరొలైనా తీరంలో మా దీవికి వచ్చే చర్చి బృందాలూ, కాలేజీ పిల్లలూ, ఎప్పుడో ఉత్తరాదికి వెళ్ళిపోయిన కుటుంబాలూ ముందు ఆవిడకే ఫోన్ చేస్తారు. రాష్ట్రం వాళ్ళు అచ్చేసిన రంగుల కరపత్రం ఒకటుంది గానీ ఆవిడకి దాని మీద గౌరవం లేదు. అందులో తెల్ల స్తంభాల దొరగారి మేడ ఉంది, లైట్‌హౌస్ ఉంది, ఇసక ఉంది. మా పెద్దల శ్మశానం లేదు.

"ఆ మేడకి ఎన్ని మెట్లో రాశారు. ఆ మెట్లు కట్టినవాళ్ళు ఎక్కడ పడుకున్నారో రాయడానికి చోటు చాల్లేదుట" అని కౌంటీ సమావేశంలో లేచి అడిగింది. మాట్లాడటానికి ఆవిడకిచ్చింది మూడు నిమిషాలు. మూడేళ్ళలో మూడుసార్లు వెళ్ళి మూడేసి నిమిషాలూ వాడుకుంది. కరపత్రం మారలేదు. ఇప్పుడు ప్రతి మంగళవారం సందర్శకుల హాలుకి వెళ్ళి, అక్కడ పేర్చిన కరపత్రాల్లో ఒక్కోదాంట్లో శ్మశానానికి దారి తను చేత్తో రాసిన చీటీ దూర్చి వస్తుంది. వాళ్ళు తీసేస్తారు. ఆవిడ మళ్ళీ పెడుతుంది.

శ్మశానం మారలేదు, దాని చుట్టూ ఉన్నదే మారింది. నీటి ఒడ్డున, తూర్పు ముఖంగా, మా వాళ్ళు రెండు వందల ఏళ్ళుగా పడుకున్న చోటే అది. దాని చుట్టూ ఉన్న పొలాలు తాతల కాలంలో చేతులు మారాయి. ఎలా మారాయో దీవిలో ప్రతి ఇంటికీ ఒక కథ ఉంది, ఏ కథలోనూ న్యాయం లేదు. ఇప్పుడక్కడ గోల్ఫ్ పచ్చిక, ఎర్ర పెంకుల ఇళ్ళు, ఒక గేటు. మా అమ్మమ్మల దగ్గరికి వెళ్ళాలంటే ఆ గేటు దాటాలి.

చిజోమ్ వంశం వాళ్ళు రెండేళ్ళకోసారి, ఆగస్టు మొదటి శనివారం అందరూ ఒకచోట కలుస్తారు. ఈసారి ఏర్పాట్లన్నీ ఒజీలియావే, ఆవిడ తల్లిది ఆ వంశమే మరి. ఫిలడెల్ఫియా నుంచి జూలై చిజోమ్ వస్తున్నాడు. ఎనభై తొమ్మిదేళ్ళు. తుపాను పట్టిన జూలై నెలలో పుట్టాడు కనక జూలై. తమ్ముడు కాటో కిందటి చలికాలంలో అక్కడే పోయాడు, అక్కడే మట్టి చేశారు. పోయిన మనిషి ఆఖరిసారి తాగిన కప్పు సమాధి మీద పెట్టడం మా వాళ్ళ పద్ధతి. కాటో కప్పుని తల్లి సమాధి మీద పెట్టాలని జూలై కోరిక. "ఇంకో రెండేళ్ళకి నేనుంటానో ఉండనో ఒజీలియా. ఈ ఒక్క పనీ చేయించు తల్లీ" అని ఫోన్‌లో అడిగాడు.

ఆ మాట మీద ఆవిడ పట్టికలో సున్నా చుట్టింది. పోటు మధ్యాహ్నం ఒకటిన్నరకి. శ్మశానానికి వెళ్ళే కట్టదారి పన్నెండుకల్లా మునుగుతుంది. అంటే పదిన్నరకి గేటు దగ్గరుండాలి.

ఈ వసంతంలో గేటు లోపలి వాళ్ళు కొత్త నియమం పెట్టారు. వచ్చేవాళ్ళ పేర్లు వారం ముందే పంపాలి, ఆ పేర్లు గుర్తింపు కార్డులతో సరిపోవాలి. ఒజీలియా నలభై ఒక్క పేర్లు గుండ్రటి అక్షరాలతో రాసి, రెండుసార్లు సరిచూసుకుని పోస్టు చేసింది.

అనుకున్నట్టే పదిన్నరకి బస్సు గేటు ముందు ఆగింది. పొద్దున చూసిన కొంగల కబుర్లు ఇంకా అవలేదు. వెనక సీట్లో టమాటాలు వేసి వండిన ఎర్రన్నం గిన్నె ఒడిలో పెట్టుకుని నేను కూర్చున్నాను. కాపలా అతను జాబితా పట్టుకుని బస్సెక్కాడు. నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడే, ఎండకి మొహం కందిపోయింది.

"మేడమ్, ఇందులో ఒక పేరు... 'పీత' అని ఉంది."

"అవును, పీతే. మూడో వరస. ఒరే పీతా, లే, కనపడు."

ఆరడుగుల మూడంగుళాల మనిషి లేచాడు. నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మాన్. తల బస్సు కప్పుకి తగిలింది.

"వారి కార్డు మీద పేరేంటండీ?"

ఒజీలియా వెనక్కి తిరిగింది. "నీ పేరేంట్రా?"

"అల్జెర్నాన్ థియోడోర్, అత్తా."

బస్సంతా గొల్లుమంది. పక్కనే కూర్చున్న అతని పిన్ని కూతురు చొక్కా పట్టుకుని లాగింది. ఆవిణ్ణి అందరూ బొమ్మ అంటారు. "అల్జెర్నానా! అరవై ఏళ్ళ నుంచి నా పళ్ళెంలో చేపలు లాక్కుని తింటున్నావు, ఒక్కనాడైనా చెప్పావా?"

"నువ్వడిగావా? ముందు నీదేంటో చెప్పు."

"చస్తే చెప్పను."

కార్డు తీశాక తెలిసింది, యూడోరా ఫిలిపీన్. "ఫిలిపీన్ గారూ, కాస్త జరగండి" అన్నాడు పీత. ఆవిడ చేతిసంచీతో ఒక్కటిచ్చుకుంది.

బిడ్డ ఇంకా బుట్టలో పడుకుని ఉండగానే పెట్టే పేరు బుట్టపేరు. కాగితం పేరు బడికీ, బ్యాంకుకీ, కోర్టుకీ. వెనకటి రోజుల్లో కాగితం పేరు దొర పెట్టేవాడు, బుట్టపేరు తల్లి పెట్టేది, దాన్ని దొర చెవిన పడకుండా దాచుకునేవాళ్ళు. ఇప్పటికీ మా దీవిలో బుట్టపేరుతోనే పుడతారు, పెరుగుతారు, పోతారు.

"కందిరీగ... జున్ను... వానపిట్ట..." కాపలా అతను చదువుతూ పోయాడు. ఒక్కొక్కరే చెయ్యెత్తారు. అప్పటిదాకా ఏ ఒక్కరి కార్డూ కలవలేదు. నవ్వులు తగ్గాయి. ఒజీలియా స్టీరింగు మీంచి చేతులు తీసేసింది.

"ఎంత పని చేశాను" అంది మెల్లగా. "అమ్మ దగ్గరికి వెళ్తున్నామనే రాశాను. అక్కడున్నవాళ్ళకి ఏ పేరు తెలుసో ఆ పేరే రాశాను. వేరే పేరు రాయాలన్న ఊహే రాలేదు నాకు."

అతను కిందికి దిగి ఆఫీసుకి ఫోన్ చేశాడు. పేరు కలిసినవాళ్ళకే ప్రవేశం అన్నారు. కొత్త జాబితా అయితే మళ్ళీ వారం ఆగాలన్నారు.

"నా చేతుల్లో లేదు మేడమ్."

"నీ చేతి కిందే ఉంది కదయ్యా గేటు తెరిచే మీట."

అతను జాబితా మళ్ళీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాడు. బస్సు వెనక నాలుగు కార్లు ఆగాయి. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ కిటికీ దించి, లైట్‌హౌస్ అటు కాదు, ఇటు అని చెయ్యి చూపించింది. "లైట్‌హౌస్ చూశామమ్మా. మా అమ్మని చూడాలి" అన్నాడు జూలై ముందు సీట్లోంచి. ఆవిడ అద్దం ఎత్తేసింది.

పదకొండయింది. పర్రలో పిల్ల కాలువలు నిండటం బస్సులోంచే కనిపిస్తోంది.

అప్పుడు కాపలా అతను మళ్ళీ ఎక్కాడు. "రెండు పేర్లు కలిశాయి. మీరు డ్రైవరు కనక మీది లైసెన్సులో ఉన్నట్టే రాశారు. ఇంకోటి జూలై చిజోమ్."

నిజమే. పద్దెనిమిదేళ్ళప్పుడు సైన్యంలో చేరితే, నిన్నేమంటారని గుమాస్తా అడిగాడు. జూలై అంటారని చెప్పాడు. తల్లి పెట్టిన ఆ పేరే కాగితమెక్కింది. బస్సు మొత్తంలో బుట్టపేరుతో గేటు దాటగలిగిన మనిషి ఆయనొక్కడే.

"బస్సుని లోపలికి పంపలేను. నా బ్యాటరీ బండి ఉంది, దాంట్లో దింపుతాను" అన్నాడు అతను.

జూలై కదల్లేదు. కప్పుని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ముప్పైతొమ్మిది మందిని గేటు బయట నిలబెట్టి నేనొక్కణ్ణీ వెళ్ళనా? మిగతావాళ్ళేర్రా అని అమ్మ అడిగితే ఏం చెప్పను?"

"మామా, పోటు మన కోసం ఆగదు."

"తెలుసమ్మా. అయినా వెళ్ళను."

ఒజీలియా కాపలా అతని ముందు చెయ్యి చాచింది. "ఆ జాబితా ఇటివ్వు. నీకెలాగూ పనికిరాలేదుగా."

ఆ కాగితాన్ని జూలై జేబులో పెట్టింది. "అమ్మ అడిగితే ఇది చదువు. అందరి పేర్లూ ఉన్నాయి, ఆవిడకి తెలిసినవే ఉన్నాయి."

జూలై కర్ర అందుకున్నాడు. ఆయన వెంట వెళ్ళడానికి ఒజీలియా కూడా లేచింది.

అంతే, బస్సులో ఉన్నవాళ్ళందరూ సంచులు తెరిచారు. బొమ్మ వాళ్ళమ్మ వాడిన చెంచా, పీత నాన్న కళ్ళజోడు, ఎవరిదో ఆగిపోయిన గడియారం, రెండు పెద్ద గవ్వలు, అంచు విరిగిన సాసరు. ఏది ఎవరికో చెబుతూ అన్నీ జూలై ముందు పెట్టారు. నేను గిన్నె మూత తీసి కాస్త ఎర్రన్నం ఆకులో కట్టిచ్చాను. బండి వెనక తట్ట నిండింది. "ఇంత బరువు మొయ్యాలని చెబితే ఎముకలు ఇంటి దగ్గర వదిలొచ్చేవాణ్ణి" అన్నాడు జూలై. చాలాసేపటి తర్వాత మేమంతా నవ్వాం.

లోపల జరిగింది ఒజీలియా చెప్పగా విన్నాను. కట్టదారికి రెండు పక్కలా నీళ్ళొచ్చేశాయిట. ముందు అందరి వస్తువులూ పెట్టారు, ఏ చెంచా ఎవరిదో జూలై ఒక్కటీ తప్పలేదు. ఆఖరికి తల్లి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కప్పుని పగలగొట్టి పెట్టాలి, లేకపోతే ఒకరి వెనక ఒకరు పోయే చావుల గొలుసు తెగదంటారు. కర్ర పిడితో ఒక్క దెబ్బ కొట్టాడు, అడుగు బీటలిచ్చింది. మట్టి తీసి అందులో సగం దాకా దించాడు. "కాటో వచ్చాడమ్మా" అన్నాడు. తర్వాత జేబులోంచి జాబితా తీసి, దూరంగా పెట్టుకుని, గట్టిగా చదివాడు.

"పీత వచ్చాడు, గేటు దగ్గరున్నాడు. బొమ్మ వచ్చింది, గేటు దగ్గరుంది. కందిరీగ వచ్చాడు, గేటు దగ్గరున్నాడు."

ముప్పైతొమ్మిది పేర్లూ అలాగే చదివాడు. ఒక్కటి కూడా వదల్లేదు, మధ్యలో నీళ్ళు బూట్లలోకి వచ్చినా ఆగలేదు. బండి దగ్గర నిలబడ్డ కాపలా అతను ఎప్పుడో టోపీ తీసేశాడట.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పన్నెండుంపావు. జూలై ప్యాంటు మోకాళ్ళ దాకా తడి, చేతులు ఖాళీ, మొహం తేటగా ఉంది.

"ఏమందేంటి తాతమ్మ?" అని పీత అరిచాడు.

"ఏమంటుంది. అల్జెర్నాన్ ఎవడ్రా, మన ఇంట్లో వాడు కాడే అంది."

గేటు పక్కన పచ్చిక మీదే దుప్పట్లు పరిచాం. ఎర్రన్నం, బెండకాయ కూర, వేయించిన పీతలు. ఇక్కడ కూర్చోకూడదని ఎవరూ అనలేదు. అని ఉంటే ఒజీలియా ఏమనేదో ఆవిడ మొహంలోనే ఉంది. కాపలా అతనికీ ఒక పళ్ళెం వెళ్ళింది. అతను నిలబడే తిన్నాడు.

తినడం అయ్యాక ఒజీలియా బస్సు మెట్టు మీద కూర్చుని ఆటుపోట్ల పట్టిక విప్పింది. పెన్సిల్‌తో సెప్టెంబరు మీదికి జరిగి ఒక సున్నా చుట్టింది.

"వచ్చే నెల మొదటి శనివారం, పాటు పన్నెండు గంటలకి. దారి పొద్దున ఎనిమిది నుంచి నాలుగు దాకా పొడిగానే ఉంటుంది" అంది గేటు వైపు తిరిగి. "ఆ రోజు నీ డ్యూటీయేనా నాయనా?"

"అవును మేడమ్."

"అయితే మీ ఆఫీసు వాళ్ళకి ఇప్పుడే చెప్పు. నలభై ఒక్కమందీ వస్తాం. ఉత్తరాది నుంచి రాలేనివాళ్ళ బదులు దీవిలోవాళ్ళు వస్తారు. కౌంటీ వాళ్ళనీ పిలుస్తాను, ఈసారి మూడు నిమిషాలు వాళ్ళకి నేనిస్తాను. జాబితా మాత్రం పంపను. తల్లిని చూడ్డానికి ఎవరైనా పేరు రాసిచ్చి వెళ్తారా?"

అతను పళ్ళెం కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆ తేదీ ఒక కాగితం మీద రాసుకున్నాడు.